రాజుగారికి వేసిన దండోరా

అనగనగా ఒక ఊళ్ళో... ఊఁ కొట్టాలి మరి, కొట్టకపోతే కథ ఇక్కడే కూలబడుతుంది. ఆఁ, అలా! అనగనగా కొండ కింద ఒక ఊరు, కొండ మీద ఒక కోట. కోటలో రాజుగారు, ఊళ్ళో ఓబులమ్మ. రాజుగారికి కిరీటం ఉంటే ఓబులమ్మకి తప్పెట ఉండేది.

తప్పెటంటే తెలుసా చిన్నీ? గుండ్రటి చట్రానికి తోలు బిగించి, గడ్డిమంట మీద వెచ్చజేసి, పుల్లతో కొడితే డండండం అని ఊరంతా వినబడుతుంది. రాజుగారు ఏం చెప్పాలన్నా ఓబులమ్మే వీధి వీధీ తిరిగి దండోరా వెయ్యాలి. వాళ్ళ నాన్నదీ అదే పని. "ఇందుమూలంగా యావన్మంది ప్రజలకూ తెలియజేయడమేమంటే!" అని ఆవిడ గొంతెత్తిందంటే, కొండకవతల గొర్రెలు కూడా మేత మానేసి తలెత్తేవి.

ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉండేది. తప్పెట మోగుతున్నంతసేపూ ఎక్కడివాళ్ళక్కడ కదలకుండా నిలబడి వినాలి. నోటి దాకా వచ్చిన ముద్ద నోటి దగ్గరే ఆగాలి. ఎవరైనా సరే ఆగాల్సిందే! ఈ రాజుగారి తాతగారు పెట్టిన నియమం అది. ఆయన మాట వినకుండా జనం ఎవరి పని వాళ్ళు చూసుకుంటున్నారని కోపమొచ్చి పెట్టారట.

అప్పుడు ఏమైందంటే, రాజుగారికి కోట చుట్టూ కొత్త గోడ కట్టాలని బుద్ధి పుట్టింది. కట్టుకోమను, ఎవరొద్దన్నారు? కానీ కూలి ఇవ్వరట! ఇంటికొక మనిషి రావాలి, ఎడ్లుంటే ఎడ్లనీ తోలుకు రావాలి, గోడ పూర్తయ్యేదాకా ఎవరూ ఇల్లు చేరకూడదు. ఆ మాట ఓబులమ్మే చాటాల్సి వచ్చింది. చాటుతుంటే నోరంతా చేదైపోయింది పాపం. ఆ సాయంత్రమే ఆవిడ మొగుడు పెంచలయ్య కూడా పలుగు భుజాన వేసుకుని కొండెక్కాడు.

ఆ తర్వాత వాన పడింది. నేల తడిసి గుబాళించే మంచి వాన! విత్తనం వెయ్యడానికి సరైన పదును. ఆ పదును పోయిందంటే ఏడాదంతా ఊరికి గింజ ఉండదు. కానీ మనుషులేరి? ఎడ్లేవి? మనుషులు గోడ దగ్గర, ఎడ్లు రాళ్ళబండ్ల దగ్గర. ఆడవాళ్ళు గట్ల మీద నిలబడి ఒకసారి మబ్బు వంకా, ఒకసారి కోట వంకా చూస్తున్నారు.

ఎదురింటి సాలమ్మ ఓబులమ్మతో మాటలే మానేసింది. "నీ నోటితోనే గదమ్మే మా ఇంటాయన్ని పొమ్మన్నావు" అని మొహం తిప్పేసుకుంది. ఓబులమ్మకి ఏడుపొచ్చింది. ఏడుపు వెనకే కోపమూ వచ్చింది. "రాజుగారితో నేనే చెబుతా" అని కొంగు బిగించి కొండెక్కింది.

మొదటిరోజు కాపలావాడు "రాజుగారు భోంచేస్తున్నారు, పో" అన్నాడు. రెండోరోజు "పులిజూదం ఆడుతున్నారు, పో" అన్నాడు. మూడోరోజు "తిని, ఆడి, అలిసిపోయి పడుకున్నారు, పో" అన్నాడు. చూశావా, రాజుగారికి ఎన్ని పనులో!

అవతల పదును ఆరిపోతోంది. ఇంకొక్క రోజు దాటితే అంతే సంగతులు. అప్పుడు ఓబులమ్మ కోట వాకిట్లో గుప్పెడు గడ్డి మంటేసి తప్పెట వెచ్చజేసింది. ఎప్పుడూ కోటకి వీపు పెట్టి, ఊరి వైపు తిరిగి కొట్టేది కదా? ఈసారి ఊరికి వీపు పెట్టి, కోట వైపు తిరిగింది. పుల్ల ఎత్తింది.

డండండం! డండండం! "ఇందుమూలంగా రాజుగారికి తెలియజేయడమేమంటే!"

ఓయమ్మో! కాపలావాడు ఈటె ఎత్తినవాడు ఎత్తినట్టే బిగుసుకుపోయాడు. గోడ మీద పెంచలయ్య, పక్కనున్న వాళ్ళు, అందరూ నిలబడిపోయారు. లోపల రాజుగారు పెరుగన్నం ముద్ద నోటి దాకా తెచ్చారు. ఎవరైనా సరే అన్నారు కదా తాతగారు, రాజు తప్ప అనలేదు కదా! ముద్ద అక్కడే ఆగింది, పెరుగు మోచేతి దాకా కారింది. నవ్వు, నవ్వు, రాజుగారి చుట్టూ ఉన్నవాళ్ళకీ నవ్వొచ్చింది గానీ నవ్వకూడదు.

"సామీ! నేల పదునెక్కి ఉంది. మా మనుషుల్ని పంపండి, మా ఎడ్లని పంపండి. గోడ ఆగుతుంది, విత్తనం ఆగదు!" ఒకసారి చాటింది. రెండోసారి చాటింది. ఏ దండోరా అయినా మూడుసార్లు వెయ్యాలి. కానీ కొండ మీద తడిగాలి. తోలు చల్లబడి సాగిపోయింది. డండండం కాస్తా దబ్ దబ్ అయింది. ఆ తర్వాత అదీ లేదు. ఓబులమ్మ చెయ్యి పట్టేసింది, కళ్ళు బైర్లు కమ్మాయి.

తప్పెట ఆగిందంటే అందరూ కదలొచ్చు కదా, కాపలావాడు ఒక్క ఉదుటున వచ్చి ఆవిడ రెక్క పట్టుకున్నాడు. అప్పుడే ఠంగ్ ఠంగ్ ఠంగ్! ఎవరనుకున్నావు? సాలమ్మ! రాయి పుచ్చుకుని నీళ్ళబిందెని వాయిస్తూ పరిగెత్తుకొస్తోంది. ఆవిడ వెనక ఇంకొకామె కంచం, ఆ వెనక ఇంకొకామె గరిటె, ఇంకెవరో రోకలిబండ! కొండంతా హోరెత్తిపోయింది.

"బిందె తప్పెట కాదు! కంచం తప్పెట కాదు! మీకోసం ఎవరూ ఆగక్కర్లేదు!" అని కాపలావాడు అరిచాడు. అరిచి బురుజు వంక చూశాడు. రాజుగారు పెరుగు చేత్తోనే అక్కడికొచ్చి నిలబడి ఉన్నారు. ఇప్పుడు ఆయన ఒక్క మాటంటే ఓబులమ్మ చెరసాలకే.

రాజుగారు కిందికి చూశారు. తప్పెట మోగడం లేదు, అయినా గోడ దగ్గర ఒక్క మనిషి వంగలేదు. ఒక్క రాయి లేవలేదు. అందరూ ఆయన్నే చూస్తున్నారు. ఆయనకి భయమేసింది. పుట్టాక అదే మొదటిసారి. "తాతగారి కట్టుబాటు నేనే దాటితే, రేపు నా దండోరాకి ఎవరాగుతారు?" అనుకున్నారు. చాలాసేపు అనుకున్నారు. అప్పుడు గట్టిగా అన్నారు, "ఒరేయ్, ఆమెని వదులు. ఇంత గడ్డి తెచ్చి మంటెయ్. తప్పెట వెచ్చజెయ్యనీ. మూడోసారి కూడా చాటాలి కదా, నేను వినాలి."

ఆహా! మూడోసారి మోగిన మోత ఉంది చూడూ, పక్క ఊరికి కూడా వినబడిందట! విన్న రాజుగారు "సరే, పోండి" అనగానే మనుషులు దిగారు, ఎడ్లు దిగాయి, కొండ మీంచి వరదలాగా దిగారు. చీకటి పడేలోగా ఊరి పొలాలన్నిట్లో విత్తనం పడింది. పెంచలయ్య నాగలి పట్టి పాటలే పాటలు. మాటలు మానేసిన సాలమ్మ మళ్ళీ మాటలు మొదలుపెట్టింది, ఆపితే ఒట్టు.

పంట ఇళ్ళకి చేరాక రాజుగారు కూలి ఇచ్చి మరీ గోడ కట్టించుకున్నారు. ఓబులమ్మని పిలిచి "ఏం కావాలో కోరుకో" అన్నారు. ఆవిడ బంగారం అడిగిందా? ఉహుఁ. "సామీ, నాకైతే గొంతుంది. అందరికీ ఉండదు గదా. ఈ వాకిట్లో ఒక తప్పెట వేలాడదియ్యండి. చెప్పుకునేది ఉన్నోళ్ళు ఎవరైనా కొట్టుకుంటారు, మీరు ఆగి వినాల" అంది. రాజుగారు బుర్ర గోక్కుని సరేనన్నారు. అప్పటిదాకా ఆ ఊళ్ళో మాటకి కొండ దిగడమే గానీ ఎక్కడం తెలియదు. ఆ రోజు నుంచి ఎక్కడం మొదలెట్టింది.

మర్నాడే తప్పెట మోగింది! మోత ఆగగానే మంత్రులు పరిగెత్తారు. రాజుగారు సగం చుట్టిన తలపాగాతో పరిగెత్తుకొచ్చి, ఏం ఉపద్రవమో అని ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. చూస్తే పండు ముసలి బూదవ్వ. "నా మేక తప్పిపోయింది నాయనా. నల్లది. ఒక కొమ్ము వంకర" అంది.

అంతే! రాజుగారు, మంత్రులు, కాపలావాడు, అందరూ మేక వేటలో పడ్డారు. చివరికి దొరికింది. ఎక్కడ? రాజుగారి పూలతోటలోనే, మల్లెపొదలన్నీ సగానికి మేసేసి! రాజుగారు కోపంతో నోరు తెరవబోయారు. అవ్వ వైపు చూశారు. తప్పెట పుల్ల ఇంకా అవ్వ చేతిలోనే ఉంది. గబుక్కున నోరు మూసుకుని, మేకని తాడు పట్టి తనే తెచ్చి ఇచ్చారు.

మేక పోయె దొడ్డికి,
రాజు పోయె కోటకి,
కథ పోయె కంచికి,
మనం పోదాం నిద్దరకి!