తోకతో ఊడ్చిన పొట్టు

అనగనగా ఒక అడవి, ఆ అడవి అంచున కొత్తగా పెంచుతున్న టేకు తోట. ఆ తోటలో చారలమ్మ అనే ఉడుత ఉండేది. దాని గూట్లో చిన్నారి పిల్లలు రెండు. తన చెట్టంత నిటారైన చెట్టు తోట మొత్తంలో లేదని చారలమ్మ గొప్పలు పోయేది. పొద్దున లేస్తే అదే మాట! విని విని పక్క చెట్టు మీది గోరింకలకు చెవులు చిల్లులు పడ్డాయి, పాపం.

ఒకరోజు చెట్టు మొదట్లో చిటికెడు చెక్క పొట్టు రాలి కనిపించింది. పైన కాండానికి సన్నటి బెజ్జం ఉంది. అటుగా వచ్చిన వడ్రంగి పిట్ట టకటకయ్య ముక్కుతో కొట్టి, చెవి ఆనించి విన్నాడు.

"లోపల పురుగు తొలుస్తోంది చారలమ్మా. ఇప్పుడే లాగేస్తాను. కాస్త బెరడు పోతుంది, అంతే" అన్నాడు.

"అమ్మో, నా చెట్టుకు మచ్చా? గోరింకలు చూస్తే నవ్వరూ? నువ్వెళ్లు బాబాయ్!" అంది చారలమ్మ. పొట్టంతా తోకతో ఊడ్చేసింది. పొట్టు కనబడకపోతే పురుగు పోయినట్టే అనుకుంది, పిచ్చిది!

కొన్నాళ్లకు దోసెడు పొట్టు రాలింది. మళ్లీ ఊడ్చింది. టకటకయ్య అడిగితే, "అవి నేను కొరికి పడేసిన కాయల తొక్కలు బాబాయ్" అని బొంకింది.

ఇంకొన్నాళ్లకు బుట్టెడు రాలింది. ఈసారి ఊడ్చి, బెజ్జానికి మట్టి కూడా మెత్తింది. కుచ్చులాంటి తోక కాస్తా అరిగిన చీపురైంది. పురుగుకేం, తలుపు వేసి మరీ విందు పెట్టినట్టయింది.

ఒక సాయంత్రం గాలి వీచింది. పెద్ద గాలేం కాదు. మిగతా చెట్లు ఊగి ఊరుకున్నాయి. చారలమ్మ చెట్టు మాత్రం కిర్రుమంది.

"బాబాయ్! నా పిల్లలు!" అని అరిచి, చారలమ్మ ఒక పిల్లను నోట కరుచుకుని పక్క చెట్టు మీదికి దూకింది. వెనక్కి తిరిగేలోగా తన చెట్టు ఫెళ్లున విరిగింది.

అంతలో గోరింకలు రెండో పిల్లను ముక్కులతో పట్టుకుని ఎగిరొచ్చాయి. ఒక్క గోరింకా నవ్వలేదు.

"గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నావు కదే!" అన్నాడు కేక విని వచ్చిన టకటకయ్య. చారలమ్మ బావురుమంది.

ఇప్పుడు తోటలో ఎక్కడ చిటికెడు పొట్టు రాలినా, "పురుగు! పురుగు! రా బాబాయ్!" అని ముందుగా అరిచేది చారలమ్మే. గోరింకల చెవులకు మళ్లీ చిల్లులే. అయినా అవి విసుక్కోవడం లేదు.

నీతి: లోపాన్ని దాచిపెడితే లోలోపలే పెరుగుతుంది, చిన్నగా ఉన్నప్పుడే చెప్పుకుంటే గోటితోనే పోతుంది.