ఎడ్నా ఆంటీ పుట్టినరోజు స్కోన్లు

వంటలో తనకు ఒకరు చెప్పేదేముంటుందనుకునే రాజ్యం లాలాగూడ రైల్వే క్వార్టర్లలో ఉండేది. ఆమె పుల్కాలు దూదిలా ఉంటాయని నలుగురూ అనేవారు. వాళ్లు అనడం మరిచిపోతే తనే గుర్తుచేసేది.

పక్కింట్లో ఎనభై ఏళ్ల ఎడ్నా ఆంటీ ఒంటరిగా ఉండేవారు. ఏటా పుట్టినరోజున వాళ్లమ్మ నేర్పినట్టు స్కోన్లు చేసి, ఐదింటికి ఇరుగుపొరుగును టీకి పిలిచేవారు. స్కోన్లంటే ఓవెన్‌లో కాల్చే గుండ్రటి చిన్న రొట్టెలు. ఈసారి పుట్టినరోజుకు వారం ముందు జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు.

"అమ్మ పోయాక స్కోన్లు లేని పుట్టినరోజు ఇదే మొదటిది, రాజ్యం," అన్నారు ఆంటీ పుట్టినరోజు మధ్యాహ్నం.

"నేను లేనూ? పిండి కలపడం నాకు కొత్తా?" అంది రాజ్యం. నిజానికి ఆమె ఓవెన్ ముట్టుకున్నది కూడా లేదు.

"అయితే విను. వెన్న చల్లగా..."

"మీరు వరండాలో కూర్చోండి ఆంటీ. అంతా నాకు వదిలేయండి."

రాజ్యం ఆంటీ వంటింట్లోకి వెళ్లి, ఆమె వంటల నోట్‌బుక్‌లో కొలతలు మాత్రం చూసుకుంది. కింద రాసింది చదవలేదు. వెన్న కరిగించి మైదాలో పోసింది. పాలు పోసి, పుల్కా పిండిలాగే అరగంట పిసికింది. పైగా తడిబట్ట కప్పి గంటసేపు నాననిచ్చి, గుండ్రటి ముక్కలు చేసి ఓవెన్‌లో పెట్టింది.

నాలుగింటికి ఓవెన్ తెరిస్తే ఒక్కటీ పొంగలేదు. ఒకదాన్ని బల్ల మీద వేస్తే టక్కుమంది. రాజ్యానికి చెమటలు పట్టాయి. ఓవెన్ చెడిపోయిందని చెప్పి, బేకరీ నుంచి కేకు తెప్పిద్దామా అనుకుంది. అంతలో కిటికీలోంచి ఆంటీ కనిపించారు. ఎడమచేత్తో ఒక్కొక్క కప్పూ తుడిచి వరసగా పెడుతున్నారు. రాజ్యానికి సిగ్గేసింది. స్కోన్ పట్టుకుని వరండాలోకి వెళ్లింది.

"తప్పు నాదే ఆంటీ. మీరు చెప్తుంటే వినలేదు. ఇప్పుడు చెప్పండి, వింటాను."

ఆంటీ స్కోన్ నొక్కి చూసి నవ్వారు. "ఎంతసేపు పిసికావు?"

"అరగంట."

"అయ్యో తల్లీ, దీన్ని పిసకనే కూడదు!"

ఆంటీ వంటింట్లో స్టూలు వేసుకుని కూర్చున్నారు. రాజ్యం చల్లటి వెన్నను వేళ్ల చివర్లతో మైదాలో నలిపింది. పాలు పోసి కలిపింది. పిండి ముద్దకాగానే ఆంటీ "చాలు!" అన్నారు.

"ఇంకా గరుగ్గా ఉంది కదా ఆంటీ?"

"ఉండనీ. చెయ్యి తియ్."

రాజ్యం చెయ్యి తీసింది. అరగంట పిసకడం కంటే ఆ చెయ్యి తీయడమే ఆమెకు కష్టమైంది.

ఐదింటికి అందరూ వచ్చేసరికి స్కోన్లు బంగారు రంగులో పొంగి ఉన్నాయి. ఆంటీ ఒకటి విరిచి నోట్లో పెట్టుకున్నారు. ఆమె కళ్లు చెమర్చాయి. "మా అమ్మ చేతి రుచి," అన్నారు.

రాజ్యం భర్త మూలనున్న మొదటి స్కోన్ల పళ్లెం చూసి, "మరి ఇవేమిటి?" అని అడిగాడు.

"అవి నేను ఎవరి మాటా వినకుండా చేసినవి," అంది రాజ్యం. అందరికంటే గట్టిగా తనే నవ్వింది.

నీతి: ఎంత చెయ్యి తిరిగినవారైనా కొత్త పని ముందు కొత్తవారే, తెలిసినవారి మాట వింటే చెడిన పని కూడా చక్కబడుతుంది.