నూనె పోశాక టీ

గౌస్ తనతో మాట్లాడటం లేదన్న బాధ ఉరుకుందుకు ఉంది. కానీ తప్పు ఒప్పుకున్నా మాట్లాడటం లేదన్న కోపం అంతకంటే ఎక్కువ ఉంది.

ఇద్దరూ ఆదోనిలో పత్తి మార్కెట్ వెనక ఉన్న పీరా సాబ్ షెడ్డులో మోటారుసైకిళ్ల పని నేర్చుకున్నవాళ్లు. ఒకే కంచంలో తిన్నవాళ్లు. పెళ్లిళ్లయి, మీసాల్లో తెల్ల వెంట్రుకలు వచ్చినా ఆ షెడ్డు వదల్లేదు. అలాంటిది, ఒకరోజు మధ్యాహ్నం ఉస్తాద్ పీరా సాబ్ రింగు స్పానర్ కనబడలేదు. ఆయన తండ్రి వాడిన స్పానర్ అది. ఉస్తాద్ నమాజుకు వెళ్లి ఉన్నాడు. ఉరుకుందు వెతికి వెతికి విసిగిపోయి, బండ్ల కోసం వచ్చినవాళ్లందరి ముందు గౌస్‌తో, "నీ సంచి చూపించు" అన్నాడు.

గౌస్ సంచి బోర్లించాడు. అన్నం డబ్బా, కూతురికి కొన్న రిబ్బన్లు కింద పడ్డాయి. వాటిని ఒక్కొక్కటే ఏరుకుని, చేతులు కడుక్కుని, ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయాడు.

స్పానర్ తర్వాత దొరికింది. ఉరుకుందు తన చేతులతో బాగుచేసి పంపిన స్కూటరు సీటు కిందే ఉంది.

అప్పటినుంచి ఉరుకుందు గౌస్ ఇంటికి తిరుగుతూనే ఉన్నాడు. పోయినప్పుడల్లా గొడవ ఇంకాస్త పెరిగేది. ఇప్పుడు గౌస్ బళ్లారిలో బావమరిది షెడ్డుకు వెళ్లిపోతున్నాడని, శుక్రవారమే సామాను ఎత్తుతున్నాడని తెలిసింది.

"నేనేం తక్కువ చేసినా ఉస్తాద్?" అన్నాడు ఉరుకుందు. "తప్పయిందని వాని ఇంటి ముందర నిలబడి చెప్పినా. వీధంతా విన్నారు. నిన్న తలుపు ఊడేటట్లు కొట్టినా. అయినా తీయడు. ఇంకేం చేయల్ల నేను?"

బేరాల దగ్గర తప్ప పీరా సాబ్ పెద్దగా మాట్లాడే మనిషి కాదు. స్టాండు మీదున్న పాలాయన బండి వైపు గడ్డం ఎత్తి చూపించాడు.

"ఇంజను పక్క మ్యాగ్నెట్ కవర్‌కు ఒక స్క్రూ పట్టేసింది. ముందు అది తీయి."

ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉంది. తుప్పు పట్టిన స్క్రూకు నూనె పోస్తే, అది లోపలికి ఇంకాలని, టీ తాగేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. కొత్తగా వచ్చినవాళ్లు దాన్ని ఉస్తాద్ టీ పిచ్చి అనుకునేవారు. ఎదురు హోటలాయన మాత్రం ఆ పద్ధతి నూరేళ్లు ఉండాలని కోరుకునేవాడు.

ఉరుకుందు నూనె పోశాడు. టీ వచ్చింది. గ్లాసు పక్కన పెట్టేసి, ఇంపాక్ట్ డ్రైవర్ అందుకున్నాడు. అది నెత్తిన సుత్తితో కొడితే తిరిగే పనిముట్టు. మొండి స్క్రూలకు అదే మందు.

కొట్టాడు. స్క్రూ కదల్లేదు. ఇంకోటి కొట్టాడు. గౌస్ తలుపు గుర్తొచ్చి ఇంకా గట్టిగా కొట్టాడు. నక్షత్రంలా ఉండాల్సిన స్క్రూ నెత్తి అరిగి అరిగి చిన్న గిన్నెలా గుంట పడింది. ఇక అందులో ఏదీ పట్టదు.

"ఇది వచ్చే రకం కాదు ఉస్తాద్" అన్నాడు చెమట తుడుచుకుంటూ. "డ్రిల్ పెట్టి తీసేద్దాం."

పీరా సాబ్ లేచి వచ్చాడు. ఇంపాక్ట్ డ్రైవర్ తీసుకుని, మెడ దగ్గర తుడిచి ఉరుకుందు కళ్లముందు పెట్టాడు.

"ఎటు తిరిగి ఉందో చూసినావా?"

ఉరుకుందు చూశాడు. పొద్దున ఇంకో బండికి బోల్టులు బిగించడానికి వాడింది తనే. విప్పేవైపుకు మెడ మళ్లీ తిప్పలేదు. అది ఇంకా బిగించేవైపే ఉంది.

ఇంతసేపూ తను కొట్టిన ప్రతి దెబ్బా ఆ స్క్రూను లోపలికే బిగించింది.

చేతిలోని సుత్తి కింద పెట్టేశాడు. ఇన్నేళ్ల పనితనం మీద అతనికి సిగ్గేసింది. ఆ సిగ్గు ఒక్క స్క్రూ గురించే కాదని అతనికి తెలుస్తూనే ఉంది.

పీరా సాబ్ స్క్రూను తుడిచి మళ్లీ నూనె పోశాడు. చల్లారిన గ్లాసు పారబోయించి వేడి టీ తెప్పించాడు. ఇద్దరూ రేకు కప్పు కింద రాతిపలక మీద కూర్చున్నారు.

"ఆ పొద్దు నేను రవ్వంత ముందు వచ్చింటే బాగుండు" అన్నాడు ముసలాయన, టీ సగం తాగాక. "మసీదు కాడ మాటల్లో పడినా."

తర్వాత ఆయన సన్న ఉలి తీసి, స్క్రూ అంచుకు ఏటవాలుగా ఆనించి, చిన్న సుత్తితో తట్టసాగాడు. పసిబిడ్డ పడుకున్న ఇంటి తలుపు తట్టినట్టు తట్టాడు. మధ్యమధ్య ఆగి, చెవి దానికి దగ్గరగా పెట్టి విన్నాడు. ఇంకో చుక్క నూనె వేశాడు. ఎప్పటికో స్క్రూ వెంట్రుకవాసి కదిలింది. ఆ తర్వాత వేళ్లతోనే తిప్పి తీశాడు. తీసి ఉరుకుందు అరచేతిలో పెట్టాడు.

"ఇది మళ్లా పనికొస్తాదా ఉస్తాద్?"

"మర బాగానే ఉంది. తలే పోయింది."

ఉరుకుందు దాన్ని జేబులో వేసుకున్నాడు.

ఆ సాయంత్రం గౌస్ ఇంటికి వెళ్లాడు. తలుపు తట్టలేదు. బయట అరుగు మీద కూర్చున్నాడు. లోపల సామాను కడుతున్న చప్పుడు వినిపిస్తోంది. గౌస్ కూతురు కిటికీలోంచి తొంగి చూసి లోపలికి పరుగెత్తింది. దాని జడలకు ఎర్ర రిబ్బన్లు ఉన్నాయి. అవే రిబ్బన్లు. గ్రీజు మరక ఉతికినా పోలేదు. ఇన్నాళ్లూ అతను స్పానర్ గురించే సంజాయిషీ చెప్పుకుంటూ వచ్చాడు. రిబ్బన్ల ఊసే ఎత్తలేదు.

బాగా పొద్దుపోయాక గౌస్ బయటికి వచ్చాడు. అరుగుకు ఆ చివర కూర్చున్నాడు. ఇతని వైపు చూడలేదు.

దారిపొడుగునా కూర్చుకున్న మాటలన్నీ ఉరుకుందు పక్కన పెట్టాడు.

"నువ్వు ఏరుకుంటా ఉంటే నేను నిలబడి చూసినాను గౌస్" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "వంగల్సింది. కనీసం అప్పుడన్నా వంగల్సింది."

గౌస్ వీధిలోకి చూస్తూనే "ఊ" అన్నాడు. లేచి లోపలికి వెళ్లాడు. తలుపు మాత్రం వేసుకోలేదు.

మర్నాడు శుక్రవారం, సామాను లారీ ఎక్కింది. అనుకున్నట్టే గౌస్ బళ్లారి వెళ్లిపోయాడు.

ఉరుకుందు షెడ్డుకు వచ్చి, గౌస్ కూర్చునే పీట పక్కన నిలబడ్డాడు. దాని మీద ఎవరో పాత టైరు పెట్టారు. దాన్ని తీసి పక్కన పెట్టాడు.

"పోయినాడు ఉస్తాద్."

"ఏమన్నా అన్న్యాడా?"

"నిన్న రాత్రి 'ఊ' అన్న్యాడు. అంతే." జేబులోని స్క్రూను వేళ్లతో తడుముకున్నాడు. "మొదటి రోజే అట్ల పొయ్యి కూర్చునింటే వాడు ఈడే ఉండేవాడు. అంతా నేనే పాడుచేసుకున్నా. తిరిగొస్తాడా ఉస్తాద్?"

పీరా సాబ్ ఎదురు హోటలు వైపు రెండు వేళ్లు ఎత్తి చూపించాడు. పీట తుడిచి, అతని ముందుకు జరిపాడు.

"నూనె పోసినావు కదా. కూర్చో. టీ తాగు."