రాజగురువుకు తెలియనిది

చింతలకోట రాజగురువు నిత్యబోధస్వామి, చుట్టుదారిన పోవడం ఇష్టంలేక, కుమ్మరి ఓబులమ్మ ఆరబెట్టిన పచ్చికుండల మీదుగా రథం తోలించాడు. నెల రోజుల కష్టం మట్టిలో కలిసిపోయింది. ఆమె మొగుడు కొండప్ప ఉక్రోషం పట్టలేక గుర్రాల కళ్ళెం పట్టుకుని రథాన్ని ఆపాడు. భటులు అతన్ని కొరడాలతో కొట్టి చెరసాలలో పడేశారు.

ఓబులమ్మ మట్టిచేతులతోనే కొలువుకు వచ్చి, రాజు పక్కన కూర్చున్న స్వామిని చూపిస్తూ నిలదీసింది. "మహారాజా, తప్పు చేసింది ఈయన. చెరలో ఉన్నది నా మొగుడు. ఇదేం న్యాయం?"

స్వామి నవ్వాడు. "తప్పొప్పులు తేల్చడానికి నువ్వెవరివే? ఆత్మజ్ఞానం ఉన్నవాడికే అవి తెలుస్తాయి. ఈ రాజ్యంలో అది నాకొక్కడికే ఉంది."

"మరి నా మొగుడికో?"

"మట్టి పిసికేవాడికి జ్ఞానమా!"

ఓబులమ్మ రాజువైపు తిరిగింది. "విన్నారా ప్రభూ? తప్పేదో తెలియనివాణ్ణి కొట్టించారు. అన్నీ తెలిసి కుండలు తొక్కించినాయన్ని పక్కన కూర్చోబెట్టుకున్నారు!"

రాజు ముఖం ఎర్రబడింది. "స్వామీ, తెలిసే తొక్కించారా?"

"లేదు, లేదు... తెలియక జరిగింది" అని స్వామి నసిగాడు.

"తెలియనివారికి గురుపీఠం దేనికి? దిగండి!" అన్నాడు రాజు.

కొండప్పను విడిచిపెట్టారు. అతని వీపు మీద కొరడా వాతలు చూసేసరికి ఓబులమ్మకు మళ్ళీ ఒళ్ళు మండింది. పీఠం దిగి వెళ్ళిపోతున్న స్వామికి అడ్డం వెళ్ళి నిలబడింది.

"మా గాడిద ఏ శాస్త్రమూ చదవలేదు స్వామీ. అయినా కుండలు ఆరుతుంటే అడుగు చూసుకుని వేస్తుంది. మా కష్టం దానికి తెలుసు."