తాంబూలానికి ముందు భోజనం

ఒకానొక రాజ్యంలో, అది ఎక్కడుందని మాత్రం నన్నడక్కండి, కీర్తివర్ధనుడనే రాజు ఉండేవాడు. పేరుకు తగ్గట్టే ఆయనకి పొగడ్త వినకపోతే పూట గడిచేది కాదు. గుడిలో దీపం పెట్టిస్తే, దీపం వెలిగేలోపే పక్కన ఆయన పేరుతో శిలాఫలకం లేచేది.

అలాంటి రాజుకి ఒక ఏడు కొత్త ఆలోచన పుట్టింది. "నా రాజ్యంలో జనానికి భక్తి ఎంత, చదువు ఎంత, దానబుద్ధి ఎంత? చదువుకున్నవాడిలో ధర్మగుణం పెరుగుతోందా లేదా? ఇదంతా తేలాలి" అన్నాడు. అందుకోసం తన పేరు మీదే ఒక ధర్మపరిశోధన నిధి పెట్టి, దాన్ని ఆస్థాన పండితుడు విరూపాక్ష సోమయాజి చేతికి అప్పగించాడు. సోమయాజికి తెలియని శాస్త్రం లేదు. ఆ సంగతి ఆయనే అందరికీ చెబుతూ ఉండేవాడు.

సోమయాజి గడప దాటలేదు. పదిమంది లేఖకుల్ని పోగుచేసి, తాటాకులూ గంటాలూ ఇచ్చి ఇంటింటికీ పంపాడు. అడగాల్సినవి మూడే ప్రశ్నలు. గుడికి వెళతారా? చదువు వచ్చా? దానం చేస్తారా? వాళ్ళు మూడు నెలలు తిరిగి బండెడు తాటాకులు తెచ్చి పోశారు.

ఫలితం వినిపించే రోజు సభ కిటకిటలాడింది. సోమయాజి శాలువా సర్దుకుని అందుకున్నాడు.

"దానగుణంలో మహారాజులవారు ప్రథములు. తరవాత రత్నాల వర్తకులుండే పెద్దవీధి. అట్టడుగున సాలెవీధి. అక్కడ ఏ ఇంట అడిగినా దానం చెయ్యలేదనే చెప్పారు. పదేళ్ళుగా కోట ధాన్యంతో అక్కడొక బడి నడుస్తోంది. ఆ చదువు వాళ్ళకి ధర్మబుద్ధి నేర్పలేదు. కాబట్టి ఆ ధాన్యాన్ని పెద్దవీధి బడికి మళ్ళించాలని నా నిర్ణయం."

సభ చివర ఇద్దరు నిలబడి ఉన్నారు. ఒకరు ఆ బడి పంతులు నాగలింగం. రెండో మనిషి అక్కడ గంజి కాచే ఈరమ్మ. నేతగాళ్ళ పిల్లలు నలభైమంది ఆ గంజి తాగి చదువుకుంటున్నారు. ధాన్యం ఆగిందంటే బడి మూతపడ్డట్టే. నాగలింగం ఏదో చెప్పబోయాడు. భటుడు కళ్ళురిమి ఆపేశాడు.

"భేష్!" అన్నాడు రాజు. 'ప్రథములు' అన్న మాట తరవాత ఆయన చెవికి మరేదీ ఎక్కలేదు. "ఈ ఫలితాన్ని నున్నటి బండ మీద చెక్కించి కోటవాకిట నిలబెట్టండి. గవరయ్యా, తాంబూలం!"

గవరయ్య రాజుగారి అడపం పట్టేవాడు, అంటే తమలపాకుల పెట్టె మోసేవాడు. ఆ కొలువులో పని చేసినవాళ్ళు రాజు చేతి తాంబూలం అందుకుంటేనే నిర్ణయం ఖాయమైనట్టు. చూడబోతే చిన్న ఉద్యోగమే. కానీ అతను ఆకు తీసిచ్చేదాకా రాజ్యంలో ఏదీ ముందుకు కదలదు. ఆ రోజు గవరయ్య పెట్టె మూత తియ్యలేదు.

"ఏమయ్యా, ఆకులు నిండుకున్నాయా?"

"ఆకులకేం ప్రభూ, లేతగా ఉన్నాయి. కానీ పరగడుపున తాంబూలం ముట్టుకోకూడదనీ, ఎవరింట తిన్నదీ చెప్పి మరీ పుచ్చుకోవాలనీ తమ తాతగారు పెట్టిన ఆచారం ఒకటుంది. సోమయాజిగారు ఇంట్లో కూర్చుని పరిశోధించారు, వారి భోజనానికి లోటు లేదు. మూడు నెలలు ఎండలో తిరిగింది ఈ పదిమంది. ఆ పనికే కదా తాంబూలం? ఆ మూడు నెలలూ వీళ్ళు ఎవరింట తిన్నారో చెప్పించి ఇద్దాం. కీర్తివర్ధనుడి కొలువులో ఆచారం తప్పిందని పొరుగు రాజులు నవ్వుకుంటే నేను భరించలేను."

పొరుగు రాజులనేసరికి రాజు గద్దె మీద నిటారుగా కూర్చున్నాడు.

"ప్రభూ, తిండి సంగతి పరిశోధనలోకి రాదు" అంటూ సోమయాజి అడ్డుపడ్డాడు.

"నిజమే స్వామీ. తాంబూలంలోకి వస్తుంది" అన్నాడు గవరయ్య.

"ఆచారం తప్పడానికి వీల్లేదు. చెప్పండయ్యా!" అని రాజు గద్దించాడు.

మొదటి లేఖకుడు మెడ గోక్కున్నాడు. "సాలెవీధిలో ప్రభూ. పడుగుల వీరాస్వామి ఇంట. జొన్నసంకటి, గోంగూర పచ్చడి."

రెండోవాడు నసిగాడు. "నాదీ సాలెవీధే. రోజుకొక ఇంట."

మూడోవాడిదీ అదే మాట. తొమ్మిదోవాడిదీ అదే మాట.

గవరయ్య అమాయకంగా మొహం పెట్టి అడిగాడు. "అదేమిటి, పెద్దవీధిలో మహాదాతలున్నారుగా? వాళ్ళు పెట్టలేదా?"

"వాళ్ళు అరుగు కింద నిలబెట్టి దానాలన్నీ ఏకరువు పెట్టేవాళ్ళు బాబూ. మంచినీళ్ళడిగితే నౌకరు ఊళ్ళో లేడనేవాళ్ళు. అవన్నీ రాసుకుని, సాలెవీధికి పోయి తినేవాళ్ళం" అన్నాడు తొమ్మిదోవాడు.

"తిని, చెయ్యి కడుక్కుని, దానం చేస్తారా అని అడిగారన్నమాట?"

"అడిగాం. లేదన్నారు. లేదని రాశాం."

సభ గొల్లుమంది. రాజుకి నవ్వు రాలేదు, ఆశ్చర్యం వేసింది. సాలెవీధి మనుషులెవరైనా ఉన్నారా అని అడిగి, ఈరమ్మని ముందుకి పిలిచాడు. "ఏమమ్మా, ఇంతమందికి పెట్టి, దానం చెయ్యలేదని ఎందుకన్నారు?"

ఈరమ్మ కొంగు నిండుగా కప్పుకుంది. "దానమంటే మారాజులు సేసేది కదా సామీ, ఆవులూ బూములూ. మేం ఎండన పడొచ్చిన మనిసికి ఇంత ముద్ద పెట్టినాం. దానికి దానమని పేరెట్టుకుంటే తిన్నోడికి అరుగుద్దా? పెట్టిన కూడు నోటితో సెప్పుకోగూడదని మా పిల్లకాయలకి పంతులుగారు మొదటి పాటంలోనే నేర్పినారు. ఆళ్ళు ఇంటికొచ్చి మాకు నేర్పినారు."

నాగలింగం ఉత్తరీయంతో కళ్ళొత్తుకున్నాడు. చదువు పనిచెయ్యలేదని సోమయాజి తేల్చిన వీధిలో అది నిండుగా పనిచేసింది మరి! నాకైతే ఆ పంతులి కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

పదో లేఖకుడు ఇంకా నోరు విప్పలేదు. "నీ సంగతేమిటి?" అన్నాడు రాజు.

"అన్ని రోజులూ సాలెవీధిలోనే ప్రభూ. ఒక్కరోజు తప్ప."

"ఆ రోజు?"

"పస్తు."

రాజు మండిపడ్డాడు. "నా నిధి పని మీద తిరిగే మనిషిని పస్తు పెట్టారా? ఎవడా పాపిష్టివాడు? ఈడ్చుకురండి!"

గవరయ్య పెట్టె కింద పెట్టి చేతులు కట్టుకున్నాడు. "ప్రభూ, అభయమిస్తే నేను చెబుతాను."

"ఇచ్చాను. చెప్పు!"

"ఆ రోజు అతను తమ దానధర్మాలు రాసుకోవడానికి కోటకి వచ్చాడు. తమరు పొద్దున్నే మొదలుపెట్టి పొద్దుగూకేదాకా చెప్పారు. మధ్యలో తమరు రెండుసార్లు ఫలహారం చేశారు."

సోమయాజి కళ్ళు మూసుకున్నాడు. రాజు మొహం ముందు ఎర్రబడింది, తరవాత నల్లబడింది. ఆఖరికి పొట్ట పట్టుకుని పగలబడి నవ్వాడు. కిరీటం పక్కకి జారినా సర్దుకోలేదు.

"ప్రథములం అంటే ఇదన్నమాట!" అంటూ గద్దె దిగి, పెట్టె మూత తనే తీసి, మొదటి తాంబూలం ఈరమ్మ చేతిలో పెట్టాడు. సాలెవీధి బడికి ధాన్యం రెట్టింపు చేశాడు. చెక్కించాలనుకున్న బండని అక్షరం లేకుండా పంపి, పిల్లలు కూర్చుని తినడానికి బడి ముందు పరిపించాడు. సోమయాజిని మళ్ళీ మూడు నెలలు పరిశోధించమన్నాడు, ఈసారి తనే కాలినడకన. ఆయన కూడా సాలెవీధిలోనే తిన్నాడని వినికిడి.

"గవరయ్యా, ఏం కావాలో కోరుకో" అన్నాడు రాజు.

"ఏదైనా ఇవ్వండి ప్రభూ. ఎవరికీ చెప్పకుండా ఇవ్వండి."

రాజు మళ్ళీ నవ్వాడు. ఇచ్చాడు. పెద్ద కానుకేనంటారు. అదేమిటో మాత్రం నన్నడక్కండి. కీర్తివర్ధనుడు తన జన్మలో చెప్పుకోకుండా ఇచ్చింది అదొక్కటే.