తవిటమ్మ ఆవచేను

“మంచు ఆరిపోతోంది బావగారూ! కొడవలి పట్టుకు రండీ!” అని అనగనగా ఒక ఊళ్ళో, ఇంకా పొద్దు పొడవకుండానే, వీధంతా ఉలిక్కిపడేలా ఒక కేక.

ఎవరంటావా? తవిటమ్మ. మొగుడు పోయిన మనిషి. ఆవిడ బావగారు పోలినాయుడు పొలం పంచేటప్పుడు మంచి మడులన్నీ తను ఉంచుకుని, ఆవిడకి నీళ్ళెక్కని మెట్టనేల, రాళ్ళగరువు చూపించాడు. అదీ ఊరికే కాదు సుమా. “ఈ ఏడు అయిదు కుంచాల గింజలు ఇంటికి తెచ్చి చూపించమ్మా, నేల నీది. తేలేదూ, నాది” అన్నాడు. ఎంత తియ్యగా అన్నాడనుకున్నావు!

అప్పుడు తవిటమ్మ ఆవాలు వేసింది. ఆవగింజ ఎంతుంటుంది? నీ గోటి మీద పది పడతాయి. అందుకని ముందు ఇసక కలిపి చల్లింది, ఒకేచోట గుంపుగా పడకుండా. ఆ తర్వాత ఒత్తుగా లేచిన మొక్కల్ని పీకి పలచన చేసింది. ఆ తర్వాత పేనుబంక పడితే, పొద్దున్నే తడి మీద బూడిద చల్లింది. చేను పచ్చగా పూసింది నాన్నా! పసుపు ఆరబోసినట్టే.

ఆవాల కాయ పండితే మంచు తడి ఉండగానే కొయ్యాలి. ఎండెక్కిందా, చెయ్యి తగిలితే చాలు, చిట్లి గింజంతా నేలపాలు. కానీ ఆ ఊళ్ళో ఒక కట్టుబాటుంది. ఇంటి పెద్ద మొదటి కొడవలి వెయ్యందే ఎవరూ కొయ్యకూడదు. అందుకే ఆ కేక.

మొదటిసారి పిలిస్తే పోలినాయుడు, “పళ్ళు తోముకుంటున్నానమ్మా” అన్నాడు. రెండోసారి పిలిస్తే, “గంజి తాగుతున్నానమ్మా.” మూడోసారి, “ఇదిగో, తలపాగా చుట్టుకుంటున్నా!”

వచ్చాడు. నడినెత్తికి ఎండొచ్చాక వచ్చాడు. పదిమందిని వెంటేసుకుని నవ్వుకుంటూ వచ్చాడు. కొడవలి వేశాడు. చిటపట, చిటపట... కాయలన్నీ పగిలిపోయాయి.

తవిటమ్మ ఏడవలేదు. మూడు రోజులు నేల ఊడ్చింది, జల్లించింది, చెరిగింది. నాలుగు కుంచాలు నిండాయి. అయిదోది సగమే అయింది.

“అయ్యయ్యో, కొంచెంలో పోయిందే!” అన్నాడు పోలినాయుడు, నేల తీసేసుకుంటూ.

“పెద్దాయన వచ్చాడుగా పాపం, ఈవిడకే అదృష్టం లేదు” అంది ఊరు. ఊళ్ళంటే అంతే మరి.

ఆ తర్వాత వానలు పడ్డాయి. పోలినాయుడు ఆ గరువులో నువ్వులు చల్లాడు. ఏం మొలిచింది? ఆవ! ఆనాడు చిట్లి, రాళ్ళ సందుల్లో మిగిలిన గింజే. ఒకసారి పీకించాడు, మళ్ళీ మొలిచింది. రెండోసారి పీకించాడు, మళ్ళీ. మూడోసారికి నువ్వుమొక్క కనపడనంత ఎత్తు లేచింది. అప్పుడు పీకడానికి రమ్మని తవిటమ్మకి కబురు పెట్టాడు.

ఆవిడ ఒక్క పిలుపుకే వెళ్ళింది. పొద్దున్నుంచీ వంగిన నడుం ఎత్తకుండా పీకింది. అందరూ పీకారు. పీకిన ఆకుని పారెయ్యడం ఎందుకని పోలినాయుడు పెళ్ళాం కూర వండింది.

“పొలం ఇచ్చేశాడా అమ్మమ్మా?”

ఇవ్వలేదు నాన్నా. అన్నం పెట్టాడు.

పంపకాలయ్యాక అందరూ ఒక్క బంతిన కూర్చోవడం అదే మొదలు. విస్తళ్ళు వేశారు. పోలినాయుడు మొదటి ముద్ద పెట్టుకుని మొహం చిట్లించాడు. “ఇదేమిటి తవిటమ్మా, ఇంత చేదు?”

“వేళ దాటాక కోస్తే అంతే బావగారూ” అంది తవిటమ్మ. “తినండి. మీ చేలోదే.”

అందరూ తలలు వంచుకుని, పెట్టిందంతా తిన్నారు.

కథేమో కంచికి, మనమేమో ఇంటికి,
చేదేమో బావగారి నోటికి,
నిద్రేమో నా బంగారు కంటికి.