పన్నెండు కొట్టని గడియారం

రాజులు మారినా దివానుల దర్జా మారని రోజుల్లో, ఒక కోటలో గవరయ్య ఉండేవాడు. చిల్లుగిన్నెను నీళ్లలో వదిలి, అది మునిగినప్పుడల్లా గంట కొట్టి కోటకు వేళ తెలపడం అతని పని. కోటగోడ వారనున్న గుడిసె ఆ పనికిచ్చిందే.

దూరదేశపు వర్తకుడొకడు దివానుకు బంగారు గడియారం బొమ్మ గీసి పంపాడు. ధర మరీ చవక! బర్రెను నీళ్లలో ఉంచి బేరమాడినట్టు, దివాను బొమ్మ చూసే సొమ్ము పంపేశాడు. వచ్చిన గడియారం ఒక్కపూట ఆడి, పదిన్నర దగ్గర ఆగిపోయింది.

“ఇది ఉత్త పూత సరుకు దొరా,” అన్నాడు గవరయ్య నిండు సభలో.

దివాను మొహం మాడిపోయింది. “నేను కొన్నది నకిలీయా? ఇది పన్నెండు కొట్టేలోగా గుడిసె ఖాళీ చెయ్యి!”

గవరయ్య మంచాన పడ్డ పెళ్లాన్ని ఎక్కడికి మోసుకుపోతాడు?

మర్నాడు భటులు అతణ్ణి సభకు ఈడ్చుకొచ్చారు. “ఇంకా పోలేదేంరా?” అని గద్దించాడు దివాను.

“పన్నెండు కొట్టలేదు కదా దొరా! ఇక కొట్టదని తమరే సెలవిస్తే, ఇప్పుడే పోతాను.”

సభంతా దివాను వైపే చూసింది. “కొట్టేదాకా ఉండి చావు!” అని పళ్లు నూరాడు దివాను.

“మరి నా గిన్నె, నా పని, దొరా?”

“గడియారం చెడితే కదరా, గిన్నెతో పని!”

గవరయ్యకు గుడిసె దక్కింది. కోటలో ఎప్పుడు చూసినా పదిన్నరే. అతని పొయ్యిలో మాత్రం పిల్లి లేవలేదు.